ఏ గంటకు, ఏ పక్క?

మాస్టారు పోయిన సంగతి నాకు అపార్ట్‌మెంట్ గ్రూపులో తెలిసింది. పైన "రేపు నీళ్ళ ట్యాంకర్ ఆలస్యం" అని ఒక మెసేజ్, కింద "నా పార్కింగ్‌లో బండి ఎవరు పెట్టారు" అని ఇంకొకటి. రెండింటి మధ్య ఇరుక్కుని "ఫస్ట్ ఫ్లోర్ కెమిస్ట్రీ అంకుల్ నో మోర్". దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. హూడి సిగ్నల్ దగ్గర, బస్సు పొగలో, బండి ఆపుకుని చదివాను. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. మొదట ఆ మెసేజ్ మీద, ఆ తర్వాత ఆయన మీద. ఇంకో నాలుగు రోజులు ఆగితే ఆయన సొమ్మేం పోయేది? శనివారం కమిటీ మీటింగు ఉంది. ఈసారి తప్పకుండా చెప్తానని ఆసుపత్రిలో ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చాను. నిజం చెప్పాలంటే, అది ఏడాదిగా ఇస్తూ వస్తున్న మాటే.

ఆయన నాకు పాఠం చెప్పిన మాస్టారు కాదు. కిందింటి మాస్టారు. దొడ్డబళ్ళాపురంలో నేతపనివాళ్ళ ఇంట పుట్టి, అక్కడి కాలేజీలోనే కెమిస్ట్రీ చెప్పి, రిటైరయ్యాక భార్యతో కలిసి మా అపార్ట్‌మెంట్ మొదటి అంతస్తుకు వచ్చారు. నేను ఏలూరు నుంచి ఉద్యోగానికి వచ్చి రెండో అంతస్తులో ఉంటున్నవాణ్ణి. ఇద్దరిదీ తెలుగే. అయినా కన్నడం కలిసిన ఆయన మాట మొదట్లో నాకు సగమే అందేది. తలుపు కొట్టి "సుమ్నే వచ్చినాప్పా" అంటే ఊరికే వచ్చారని తెలుసుకోవడానికి వారం పట్టింది. ఆయన ఊరికే రారని తెలుసుకోవడానికి ఇంకో వారం పట్టింది.

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అందులో ఏదైనా రెండే రకాలు. పనిచేస్తే ఆకుపచ్చ, చెయ్యకపోతే ఎరుపు. "మాస్టారూ, ఇవాళ గాలి బాగుందా?" అని అడిగితే మనిషన్నవాడు అవుననో కాదనో చెప్పాలి కదా! ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి "ఏ గంటకి? ఏ పక్క?" అనేవారు. ఎప్పుడడిగినా అదే. పొద్దున ఏడింటికా, మధ్యాహ్నం మూడింటికా? రోడ్డు పక్కా, వెనక పక్కా? మేడ మీద వడియాలు పెట్టుకోవచ్చా అని మా ఆవిడ ఒకసారి పాపం వాన సంగతి అడగబోయి, పిండిగిన్నె చేత్తో పట్టుకుని మెట్ల మీద అరగంట నిలబడింది. వచ్చాక ఆ కోపం నా మీద చూపించింది. కిందింటివాళ్ళను ఎంచుకున్నది నేనైనట్టు.

గాలిని కొలవడానికి ఆయన దగ్గర యంత్రాలేమీ లేవు. గంజి కాగితాలు ఉండేవి. మొక్కజొన్న పిండితో గంజి కాచి, అందులో పొటాషియం అయోడైడ్ అనే ఉప్పు కలిపి, వడపోత కాగితానికి కుంచెతో పూసి, చీకట్లో ఆరబెట్టి, వేలెడంత పట్టీలుగా కత్తిరించి, ఊరగాయ జాడీలో దాచేవారు. గాలిలో ఓజోన్ ఉంటే అది ఆ ఉప్పులోంచి అయోడిన్‌ని బయటికి లాగుతుంది. అయోడిన్ గంజిని తాకితే ఊదా రంగు పుడుతుంది. పట్టీని నీడలో ఎనిమిది గంటలు వేలాడదీసి, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్ళలో ముంచితే ఆ రంగు తేలుతుంది. ఆయన తన చేత్తో రంగులు వేసుకున్న అట్టతో దాన్ని పోల్చి నోటుబుక్కులో రాసుకునేవారు. "మా నాయిన పడుగుకి గంజి పెట్టె, నేను గాలికి పెడతా ఉండా" అనేవారు. గంజి పాకం కుదిరిందో లేదో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తీగ సాగదీసి నాకు చూపించేవారు. నేను ఆఫీసుకు ఆలస్యమైన రోజే ఆ తీగ ఆయనకు బాగా కుదిరేది.

ఆయన బాల్కనీకి ఎండ, మా బాల్కనీకి నీడ. అందుకని పట్టీలు మా బట్టల తీగ మీద వేలాడేవి. అనుమతి అడిగిన గుర్తు నాకు లేదు. ఒకరోజు ఆరీ ఆరని పట్టీ ఒకటి తెచ్చి, ఇస్త్రీకి ముందు గంజిపెట్టి ఆరేసిన నా తెల్ల చొక్కా పైన తగిలించి వెళ్ళారు. సాయంత్రానికి చొక్కా భుజం మీద అయిదారు ఊదా చుక్కలు. మర్నాడు నాకు ప్రమోషన్ ఇంటర్వ్యూ. చొక్కా పట్టుకుని కిందికి పరుగెత్తాను. ఆయన దాన్ని వెలుతురుకు తిప్పి, అట్టతో పోల్చి, సంబరంగా "మంచి రీడింగు వచ్చిందప్పా!" అన్నారు.

నా మొహం చూశాక ఆయన భార్య లోపలి నుంచి విటమిన్ సి మాత్ర తెచ్చి ఇచ్చారు. ఆయన దాన్ని నలిపి నీళ్ళలో కలిపి చుక్కల మీద రుద్దారు. రంగు కళ్ళముందే చెరిగిపోయింది. నా వెనకే దిగి వచ్చిన మా ఆవిడ "హమ్మయ్య, పోయింది" అంది.

"పోలేదమ్మా" అన్నారు మాస్టారు, అదేదో తనను తిట్టినట్టు. "మారింది. అయోడిన్ ఆ గుడ్డలోనే ఉండాది, రంగు లేకుండా ఉండాది, అంతే. పోయిందని ఏంటికంటారు మీరంతా? ఎవురూ ఉత్తినే పోరు. దేనితో కలిసిందో చూడాల."

ఆయన నోటుబుక్కులో నాలుగు గడులుండేవి: గంట, పక్క, రంగు, దేనితో కలిసె. నేను ఆయన చెప్తుంటే రాసిపెట్టిన రోజుల్లో రెండుసార్లు "రాత్రికి ఓజోన్ పోయింది" అని రాశాను. రెండుసార్లూ కొట్టేసి తిరగరాయించారు. నలభై దాటినవాణ్ణి, ఇంపోజిషన్ రాసినట్టు రాశాను.

ఆదివారాలు నా బండి ఎక్కి కాడుగోడి స్టేషన్‌కు తీసుకెళ్ళమనేవారు. ప్లాట్‌ఫారం చివర కంచెకు పట్టీ కట్టి, బెంచీ మీద కూర్చుని, వేరుశెనక్కాయలు వలుస్తూ ఓజోన్ కథ చెప్పేవారు. ఆక్సిజన్ పరమాణువులు రెండు జతగా ఉంటే మనం పీల్చే గాలి. మూడోది వచ్చి చేరితే ఓజోన్. "ఇద్దరుంటే సంసారం, ముగ్గురైతే గలాటా" అనేవారు. పైన ఎక్కడో ఆకాశంలో ఉంటే మనకు గొడుగు, కింద ఉంటే ఊపిరితిత్తులకు గరగర. దాన్ని ఎవరూ గొట్టంలోంచి వదలరు. బండ్ల పొగ, పెయింటు వాసన, పెట్రోలు ఆవిరి, నీలగిరి చెట్ల వాసన, ఇవన్నీ ఎండలో ఒకదాన్నొకటి కెలుక్కుంటే పుడుతుంది. అందుకే మధ్యాహ్నం పెరుగుతుంది, పొద్దువాలితే తగ్గుతుంది. తమాషా ఏమిటంటే, అప్పుడే గొట్టంలోంచి వచ్చిన తాజా పొగ దాన్ని మింగేస్తుంది. పొగలో ఉన్న నైట్రిక్ ఆక్సైడ్ ఆ మూడో పరమాణువును లాక్కుని పోతుంది. గాలి అటు తిరిగిన రోజు మన పొగంతా దొడ్డబళ్ళాపురం దాకా నడిచి, దారిలో ఎండకు వండుకుని, అక్కడ ఓజోన్‌గా దిగుతుంది. అక్కడ కట్టిన పట్టీ మన సిగ్నల్ దగ్గర కట్టినదానికంటే ముదురు రంగు తేలేది. ఈ ఒక్క విషయంలో ఆయనకు నిజంగా కోపం ఉండేది. "పొగ ఈడిది, దగ్గు మావోళ్ళది" అనేవారు.

ఇంకొకటి ఉందట, హైడ్రాక్సిల్ అని. గాలిలో చేరిన చెత్తను పగలంతా ఊడ్చేది అదేనట. ఒక్క సెకను కూడా బతకదట. పైగా, మనం తిట్టుకునే ఓజోన్ నుంచే ఎండలో పుడుతుందట. "అయితే ఓజోన్ మంచిదా, చెడ్డదా?" అని అడిగాను, బుద్ధి తక్కువై. ఏమన్నారో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇంతసేపు ఆయన్ని విసుక్కున్నది దీన్ని వెనక్కి నెట్టడానికే.

ఏడాది కిందట మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలకు ఉయ్యాలలు, జారుడుబల్ల పెట్టాలనుకున్నారు. ముందు రోడ్డు గేటు దగ్గరా, వెనక నీలగిరి తోపు గోడ దగ్గరా అని కమిటీ రెండుగా చీలింది. అప్పుడు నేను కమిటీలో ఉన్నాను. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. చలి తిరిగితే చాలు, దాని ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అందుకని గాలి బాగున్న చోటే పెట్టాలని పట్టుబట్టి, "సైంటిఫిక్‌గా తేలుద్దాం" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను. మాస్టారు ఆ వారం దొడ్డబళ్ళాపురంలో పెళ్ళికి వెళ్ళారు. నేను ఆయన భార్యను అడిగి జాడీలోంచి రెండు పట్టీలు తీసుకుని, గేటు దగ్గర ఒకటి, వెనక ఒకటి, పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటిదాకా కట్టాను. వెనకది ఊదా రంగు తేలింది. గేటుది తెల్లగా ఉంది. తెల్లగా ఉంటే పాస్, రంగొస్తే ఫెయిల్. గేటు పక్కన ఆకుపచ్చ టిక్కు, వెనక పక్కన ఎర్ర ఇంటూ పెట్టి, స్లైడ్లు చేసి, తెర మీద చూపించాను. చప్పట్లు కొట్టారు.

మాస్టారు తిరిగి వచ్చేసరికి గేటు దగ్గర సిమెంటు గట్టిపడింది. ఆయన ఉయ్యాల గొలుసు పట్టుకుని గేటు అవతల బస్సుల వైపు చూశారు.

"నా కాగితం పెట్టి నా గొంతే కోసినావు గదప్పా" అన్నారు. "తెల్లగుండాదంటే బాగుండాదని ఎవురు చెప్పినారు నీకు? ఓజోన్‌ను పొగ మింగినాది, అందుకే తెల్లగుండాది. ఆ పొగను నా కాగితం చూపించదు. ఇప్పుడు బిడ్డలు ఆ పొగలో ఊగాలా?"

"మరి వెనకాల ఓజోన్ ఉంది కదా మాస్టారూ!"

"ఏ గంటకి? మూడింటికి ఉండాది. అప్పుడు బిడ్డలు బడిలో ఉంటారు. ఐదున్నర దాటితే దిగిపోతాది. వెనక పక్క, ఐదున్నర దాటినాక. ఇంతే గదా చెప్పాల్సింది! రేపే కమిటీకి చెప్పు."

అన్నేళ్ళలో ఆయన నాకు ఇచ్చిన ఒకే ఒక్క సూటి జవాబు అది. గంటా ఉంది, పక్కా ఉంది. చెప్తానన్నాను. చెప్పలేదు. చప్పట్లు కొట్టించుకున్న తెర ముందే నిలబడి "నేను తప్పు చదివాను" అనడానికి నోరు రాలేదు. ఇది గొప్ప రహస్యమేమీ కాదు. మామూలు పిరికితనం.

ఆయనే ఒక మీటింగుకు వచ్చారు. పాత లెక్చరర్ కదా, సూర్యకిరణం దగ్గర మొదలుపెట్టారు. పది నిమిషాలైనా గేటు దాకా రాలేదు. మా ప్రెసిడెంటు వాచీ చూసుకుని "అంకుల్, స్వల్ప షార్ట్‌గా చెప్పండి. గేట్ సైడ్ గుడ్డా, బ్యాడా?" అన్నారు. మాస్టారు అలవాటు కొద్దీ "ఏ గంటకి?" అన్నారు. హాలంతా ఘొల్లుమంది. నేను మూడో వరసలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. నేను లేచి ఒక్క వాక్యం అంటే సరిపోయేది. ఆయన నా వైపు చూశారని తెలుసు. తలెత్తలేదు కాబట్టి ఎలా చూశారో తెలియదు.

ఆ తర్వాత మెట్ల మీద కనిపించినప్పుడల్లా "చెప్పినావా?" అనేవారు. "వచ్చే మీటింగులో, మాస్టారూ." నెల తిరిగితే మళ్ళీ "చెప్పినావా?" ఆ ఒక్క మాటకు భయపడి రెండో అంతస్తుకు లిఫ్టులో ఎక్కడం మొదలుపెట్టాను. ఆయన లిఫ్టు ముందు కుర్చీ వేసుకుని పేపరు చదవడం మొదలుపెట్టారు. ఎంత మొండి మనిషో! కోప్పడరు, సాధించరు, ఆ ఒక్క మాటే. మా అమ్మాయి మాత్రం రోజూ బడి నుంచి వచ్చి, గేటు దగ్గర, ఆఫీసు బస్సులు బారులు తీరే వేళ ఊగేది. నేను వద్దంటే "మరి ఉయ్యాల అక్కడే పెట్టావుగా నాన్నా" అనేది. ఆ చలికాలం దానికి పిల్లికూతలు ఎక్కువయ్యాయి. పొగ వల్లేనా అని డాక్టర్ని అడిగితే "పొగ మంచిది కాదు, అంతవరకు చెప్పగలను" అన్నారు. పీల్చే మందు రెండు పూటలకు పెంచారు. అప్పుడైనా చెప్పానా? లేదు. నన్ను నేను వెనకేసుకురాలేను.

ఆయనకు గుండె జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరాక వెళ్ళాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. నన్ను చూసి దాన్ని వేలితో తట్టి "ఇది మంచోళ్ళదప్పా. ఇద్దరే" అన్నారు. నవ్వు నాకు రాలేదు, ఆయనకు దగ్గు వచ్చింది. అది తగ్గాక అడిగారు, "చెప్పినావా?"

"శనివారం చెప్తాను. తప్పకుండా."

"ఏ గంటకి?" అన్నారు.

మీటింగు ఆరింటికి అని చెప్పాను. తల ఊపి కళ్ళు మూసుకున్నారు. నన్ను నమ్మారా, నా మీద విసుగొచ్చి నిద్రపోయారా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేకుండా ఉన్నాను. మంగళవారం పొద్దున ఆ మెసేజ్ వచ్చింది.

శనివారం కమిటీ మీటింగును సంతాప సభ చేశారు. కుర్చీలు అవే, తెర అదే. మాస్టారి భార్య ముందు వరసలో కూర్చున్నారు. ప్రెసిడెంటు మంచివాడే, మాటలు మాత్రం ఎక్కడో ఏరుకొచ్చినట్టుంటాయి. "మన అంకుల్ ఎక్కడికీ పోలేదు. మన చుట్టూ ఈ గాలిలోనే ఉన్నారు" అన్నారు.

"ఏ గంటకు? ఏ పక్క?"

అన్నది నేనే. గట్టిగానే అన్నాను. అందరూ వెనక్కి తిరిగారు. మాస్టారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారనుకుని భయపడ్డాను. భుజాలు కదిలే తీరు చూస్తే నవ్వు.

లేచి నిలబడిపోయాను కాబట్టి ఇక కూర్చోవడానికి లేదు. ఆయన గొప్పవారని చెప్పలేదు. ఉయ్యాలలు గేటు దగ్గర పెట్టించింది నేనని, కాగితం తప్పు చదివానని, తెల్లగా ఉంటే శుభ్రమని కాదని, అక్కడ పొగ ఓజోన్‌ను మింగుతోందని, ఈ సంగతి మాస్టారు ఏడాది కిందటే నాకు చెప్పారని చెప్పాను. ఈ హాల్లో ఆయన్ని చూసి నవ్వినప్పుడు నేను మూడో వరసలో ఉన్నానని కూడా చెప్పాను.

ప్రెసిడెంటు "అంటే బ్యాక్ సైడ్ గుడ్, గేట్ సైడ్ బ్యాడ్. అంతే కదా?" అన్నారు.

"వెనక పక్క, ఐదున్నర దాటాక" అన్నాను.

"అయ్యో, ఎస్ ఆర్ నో చెప్పండి సార్!"

"చెప్పాను కదండీ. వెనక పక్క. ఐదున్నర దాటాక."

హాల్లో నాలుగైదు నిట్టూర్పులు వినిపించాయి. ఆ నిట్టూర్పు నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళూ నేను విడిచిందే.

రెండు వారాలకు ఉయ్యాలలు వెనక్కి వెళ్ళాయి. గేటు దగ్గర సిమెంటు దిమ్మలు నాలుగు అలాగే ఉన్నాయి, బండి తిప్పుకునేటప్పుడు రోజూ నా చక్రానికే తగులుతాయి. మాస్టారి భార్య నన్ను పిలిచి ఊరగాయ జాడీ, నోటుబుక్కు, రంగుల అట్ట చేతిలో పెట్టారు.

"నాకేంటికప్పా ఇవి? జాడీ మాత్రం కడిగి తిరిగియ్యి. మామిడికాయకి కావాల" అన్నారు. తర్వాత మెల్లగా, "ఆసుపత్రికి పోయిన రోజు పొద్దున కూడా వెనక గోడకి ఒకటి కట్టిపెట్టినారు. ఎవురూ తియ్యలేదు" అన్నారు.

వెళ్ళి చూశాను. మేకుకు దారంతో వేలాడుతోంది. అంచులు వంకరపోయాయి. ఇంటికి తెచ్చి, బ్యాటరీ నీళ్ళలో ముంచి, అమ్మాయీ నేనూ చూస్తూ కూర్చున్నాం. రంగు తేలలేదు. ఎనిమిది గంటలుంచాల్సింది, ఇరవై రోజులు దాటింది. వచ్చిన అయోడిన్ వచ్చినట్టే ఆరి ఎగిరిపోయి ఉంటుంది. "దీన్నేమన్నా లెక్కలోకి తీసుకుంటారాప్పా!" అని ఆయన మండిపడేవారు. "ఏమీ లేదు నాన్నా, తెల్లగా ఉంది" అంది అమ్మాయి. తెల్లగా ఉంటే ఏమీ లేదని కాదమ్మా అన్నాను. నోటుబుక్కు తెరిచి గంట రాశాను, పక్క రాశాను, రంగు రాశాను. నాలుగో గడి దగ్గర కలం ఆగింది. పోయారని రాయనివ్వరు. దేనితో కలిశారో నాకు తెలియదు. ఖాళీగా వదిలేశాను.

ఇప్పుడు ఆ మేకుకు రోజూ కొత్త పట్టీ కడుతున్నాను. నా గంజికి ఇంకా తీగ సాగడం లేదు. అమ్మాయి బడి నుంచి వచ్చి ఐదుంబావుకే వెనక్కి పరుగెత్తి ఉయ్యాల పట్టుకుంటుంది. "ఊగనా?" అంటుంది. ఇంకా పావుగంట అంటాను. "అబ్బా! నువ్వు కూడా కిందింటి తాతలాగే తయారయ్యావు" అని మూతి ముడుస్తుంది. కానీ ఊగదు. కాళ్ళు నేలకు ఆనించి, గొలుసులు పట్టుకుని, కదలని ఉయ్యాలలో కూర్చుని, నీలగిరి చెట్ల నీడ గోడ దాటి తన కాళ్ళ దాకా ఎప్పుడు పాకుతుందా అని చూస్తుంటుంది.